ల్యాప్‌టాప్ మీద నీళ్లో టీయో ఒలికితే: తరచుగా అడిగే ప్రశ్నలు

మదర్‌బోర్డులు, అంటే ల్యాప్‌టాప్ లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డులు, బాగుచేయడం నా వృత్తి. తడిసిన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని వచ్చేవారు దాదాపు అందరూ రెండు మాటలు చెబుతారు. మొదటిది, "కొంచెమే పడిందండీ." రెండోది, "తుడిచి, ఒక్కసారి ఆన్ చేసి చూశాను." మొదటి మాటను నేను పెద్దగా పట్టించుకోను. రెండో మాట వినగానే రిపేరు ఖర్చు అంకె నా మనసులో పెరిగిపోతుంది. ఇక్కడున్న ప్రశ్నలన్నీ అలా వచ్చినవారు అడిగినవే. మీ ల్యాప్‌టాప్ ఈ క్షణాన తడిగా ఉంటే మొదటి జవాబు మాత్రం చదివి, ఆ పని ముగించి, మిగతావి ఫోనులో తీరిగ్గా చదువుకోండి.

ఇప్పుడే ఒలికింది. ముందుగా ఏం చేయాలి?

కరెంటు ఆపాలి. చార్జర్ పెట్టి ఉంటే గోడ మీది స్విచ్ ఆపి, ఆ తర్వాత ల్యాప్‌టాప్ నుంచి పిన్ను లాగండి. వెంటనే పవర్ బటన్ నొక్కి పట్టుకోండి. తెర నల్లబడి, లైట్లన్నీ ఆరిపోయేదాకా వదలకండి. మామూలుగా పది సెకన్లు పడుతుంది. తెరిచి ఉన్న ఫైలును సేవ్ చేద్దామని, పద్ధతిగా షట్‌డౌన్ చేద్దామని ఆగకండి. పద్ధతిగా ఆపడానికి పట్టే ఆ నిమిషంలోనే బోర్డు కాలిపోయిన సందర్భాలు చాలా చూశాను.

మౌసు, పెన్‌డ్రైవ్, తీగలు ఏమున్నా తీసేయండి. పాత మోడల్ అయి బ్యాటరీ బయటికి ఊడివచ్చేదైతే దాన్నీ తీయండి. పైకి కనిపించే తడిని నూలు గుడ్డతో అద్దండి. రుద్దితే కీల సందుల్లోకి దిగిపోతుంది. తర్వాత మూతను బాగా వెనక్కి తెరిచి, కీబోర్డు నేలవైపు ఉండేలా తిరగేసి, తువ్వాలు పరిచిన బల్ల మీద గుడారంలా నిలబెట్టండి. ఊపకండి, విదిలించకండి. ఒక మూలన ఆగిన చుక్కను మీ చేతులతోనే బోర్డంతా తిప్పినట్టవుతుంది.

ఇక దాన్ని ముట్టుకోకండి.

ఆఫ్ చేశాను కదా, లోపల ఇంకా కరెంటు ఎక్కడిది?

బ్యాటరీ లోపలే ఉంది కాబట్టి కరెంటూ ఉంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ అడుగు పలక కింద, మరలతో బిగించి ఉంటుంది. తెర ఆరిపోయినా ఆ బ్యాటరీ వోల్టేజి బోర్డు దాకా వస్తూనే ఉంటుంది. పైగా పవర్ బటన్ నొక్కితే స్పందించాలి కాబట్టి కొన్ని భాగాలకు 3.3 వోల్టులు, 5 వోల్టుల సరఫరా నిలిచే ఉంటుంది. నిద్రపోతున్న ఇంట్లో వీధి దీపం వెలుగుతూ ఉన్నట్టు.

అసలు విషయం ఇక్కడే ఉంది. నీళ్లు ఒక్కటే బోర్డును చంపవు. ఫ్యాక్టరీల్లో సోల్డరింగ్ (విడిభాగాలను బోర్డుకు అతికించడం) అయ్యాక కొన్ని రకాల బోర్డులను శుద్ధి చేసిన నీటితోనే కడుగుతారు. కడిగి, బాగా ఆరబెట్టి, ఆ తర్వాతే కరెంటు ఇస్తారు. మన బల్ల మీద ఈ వరుస తలకిందులవుతుంది. బోర్డులో కరెంటు ఉండగా తడి తగులుతుంది. ఆ తడిలో ఉప్పులు కరిగి ఉంటే అది విద్యుత్తును మోస్తుంది. ధనధ్రువం వైపున్న రాగి కొద్దికొద్దిగా కరిగి రుణధ్రువం వైపు ప్రయాణిస్తుంది. బోర్డు మీది వెంట్రుకంత సన్నని రాగి గీతలు తెగిపోతాయి. కలవకూడని రెండు చోట్ల మధ్య వంతెన ఏర్పడుతుంది. మేం బోర్డు తెరిచినప్పుడు కనిపించే ఆకుపచ్చ పొడి అదే. రాగి చెంబుకు పట్టే చిలుము లాంటిదే. తేడా ఏమిటంటే, చెంబుకు అది పట్టడానికి వారాలు కావాలి. కరెంటున్న బోర్డుకు కొన్ని గంటలు చాలు.

కొంచెమే పడింది, బాగానే పనిచేస్తోంది. అలాగే వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, కొన్నాళ్లపాటు. ఒక డిగ్రీ విద్యార్థి ఇలాగే అరకప్పు కాఫీ పడిన ల్యాప్‌టాప్‌ను తుడిచి వాడుకున్నాడు. మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒక కీ దానంతటదే నొక్కుకోవడం మొదలైంది, ఆ పైన చార్జింగ్ ఆగింది, ఆఖరికి ప్రాజెక్టు సమర్పించాల్సిన వారంలో పూర్తిగా ఆగిపోయింది. తెరిచి చూస్తే చార్జింగ్ చిప్ చుట్టూ ఎండిన కాఫీ, దాని కింద చిలుము. ఒలికిన రోజే తెచ్చి ఉంటే కడగడంతో పోయేది. ఆ అబ్బాయికి బోర్డే మార్చాల్సి వచ్చింది.

పనిచేస్తున్నంత మాత్రాన లోపల తడి లేదని కాదు. తడి ఇంకా ముఖ్యమైన చోటికి చేరలేదని మాత్రమే. ఆపి, తెరిపించి చూడటమే దారి.

ఏది ఒలికితే నష్టం ఎక్కువ?

ఇది చాలామంది మొహమాటంతో దాచే సంగతి. దయచేసి షాపులో నిజం చెప్పండి, మేం నవ్వం. కడిగే పద్ధతి దాన్ని బట్టే మారుతుంది.

మంచినీళ్లు అన్నిటికన్నా నయం. అందులోనూ ఫిల్టరు నీళ్లకూ బోరు నీళ్లకూ చాలా తేడా ఉంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందా? ఆ లవణాలే ఆరాక బోర్డు మీద మిగులుతాయి.

టీ, కాఫీల్లో నీళ్లకన్నా పాలు, పంచదారలతోనే తలనొప్పి. పంచదార పాకం ఎండి కీల కింద జిగురవుతుంది, గాలిలో తేమను పీల్చి మళ్లీ తడవుతుంది. పాలలోని కొవ్వు చిప్పుల కిందికి చేరి, ఆల్కహాలుతో ఒక పట్టాన వదలదు. నాలుగు రోజులకు వాసన కూడా వస్తుంది.

కూల్‌డ్రింకుల్లో ఆమ్లం, చక్కెర రెండూ ఉంటాయి. కోలాల్లో అయితే ఫాస్ఫారిక్ ఆమ్లం. కొబ్బరినీళ్లు ఆరోగ్యానికి మంచివే, కానీ వాటిలోని పొటాషియం లవణాలు కరెంటును చక్కగా మోస్తాయి. మజ్జిగలో పులుపూ ఉప్పూ కలిసే ఉంటాయి.

ఇక రసం, సాంబారు. ఇత్తడి, రాగి సామాను తోమడానికి మన ఇళ్లలో చింతపండు ఎందుకు వాడతారో గుర్తు చేసుకోండి. గిన్నె మీది చిలుమును కరిగించే ఆ పులుపు, బోర్డు మీది లోహం జోలికి రాకుండా ఉండదు. అందులో ఉప్పు కూడా ఉంది. ల్యాప్‌టాప్ ముందు కంచం పెట్టుకుని సినిమా చూసేవారు నాకు తరచూ పని కల్పిస్తుంటారు.

చంటిపిల్లల మూత్రం కూడా వస్తుంటుంది. చెప్పడానికి సిగ్గుపడతారు గానీ, అది ఉప్పు నీటితో సమానం. చెప్పకపోతే నేను వట్టి నీళ్లనుకుని పైపైన కడిగి ఇచ్చేస్తాను. బీరు విషయంలోనూ అంతే.

శానిటైజరులో ఆల్కహాలే కదా, ఎగిరిపోతుంది అనుకుంటారు. చేతులకు వాడే దానిలో మూడో వంతు దాకా నీరు, జిడ్డుగా గ్లిజరిన్ కూడా ఉంటాయి.

బియ్యం డబ్బాలో పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

వద్దు. బియ్యం తనకు తగిలిన తేమను కొంత పీల్చుతుందేమో గానీ, మరలు బిగించిన పెట్టెలోపల చిప్పు కింద ఉన్న టీని బయటికి లాగే శక్తి దానికి లేదు. పైగా బియ్యపు పిండి, నూకలు పోర్టుల్లోకి, ఫ్యాను రెక్కల్లోకి చేరతాయి. తడిసిన ఐఫోన్‌ను బియ్యంలో పెట్టవద్దని 2024లో ఆపిల్ తన సహాయ పత్రంలో రాసింది. కారణం అదే, నూకలు లోపలికి పోయి పాడు చేస్తాయని. ఒకసారి ఛార్జింగ్ పోర్టులోంచి సోనామసూరి గింజ తీశాను.

అయితే బియ్యం వల్ల ఒక మేలు జరుగుతుంది. రెండు రోజులు ఆన్ చేయకుండా ఓపిక పడతారు. నయమైన ల్యాప్‌టాప్‌లు కొన్ని ఆ ఓపికతోనే నయమయ్యాయి, పేరు మాత్రం బియ్యానికి వచ్చింది.

హెయిర్ డ్రయ్యర్ పెట్టవచ్చా? ఎండలో పెట్టవచ్చా?

రెండూ వద్దు. డ్రయ్యర్ గాలి తడిని బయటికి తోలదు, ఇంకా లోపలికి తోస్తుంది. ఆ వేడికి కీల మూతలు వంకర పోతాయి. ఇక ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, లిథియం బ్యాటరీ ఎంత? తెర లోపలి పొరలకూ ఆ వేడి మంచిది కాదు. నీడలో, టేబుల్ ఫ్యాను గాలిలో ఉంచండి. అంతకు మించినది ఇంట్లో లేదు.

ఎంతసేపు ఆరనివ్వాలి?

అడుగు పలక విప్పకుండా అయితే కనీసం 48 గంటలు. వానాకాలంలోనూ, విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల ఉక్కపోతలోనూ అంతకన్నా ఎక్కువ. అడుగు పలక విప్పి, బ్యాటరీ తీగ ఊడదీసి ఫ్యాను ముందు పెడితే తొందరగా ఆరుతుంది.

కానీ ఒక్క మాట. ఆరడం వేరు, శుభ్రపడటం వేరు. నీరు ఆవిరై పోయినా అది తెచ్చిన ఉప్పూ పంచదారా అక్కడే ఉంటాయి. పడింది శుద్ధమైన నీళ్లు కాకపోతే, ఆరబెట్టడం సగం వైద్యమే.

నేనే విప్పి శుభ్రం చేసుకోవచ్చా?

చేతికి ఆ అలవాటు ఉంటే, వారంటీ గడిచిపోయి ఉంటే, చేసుకోవచ్చు. ఇంతకు ముందు ర్యామ్ మార్చడానికైనా విప్పి ఉండని వారు ఈ సందర్భంలో మొదటిసారి ప్రయోగం చేయవద్దని నా సలహా.

విప్పేవారు మీ మోడల్ పేరుతో విప్పే పద్ధతి చూపించే వీడియోను ముందు పూర్తిగా చూడండి. మరలు ఒకే పొడవు ఉండవు. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. పొడవు మరను పొట్టి మర చోట బిగించి బోర్డుకు చిల్లు పెట్టినవారు ఉన్నారు. పలక తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టరు ఊడదీయడం. గోటితో గానీ ప్లాస్టిక్ పుల్లతో గానీ తీయండి, స్క్రూడ్రైవర్ మొనతో కాదు. ఆ తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన చార్జ్ పోతుంది.

తడి, మరక, తెల్లటి లేదా ఆకుపచ్చ పొడి ఎక్కడున్నాయో చూసి ఫోటో తీయండి. వాటిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, పాత మెత్తని టూత్‌బ్రష్‌తో తుడవాలి. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో 99 శాతం గాఢతది దొరుకుతుంది. మందుల దుకాణంలో అమ్మే 70 శాతం రకంలో మిగతాది నీరే. కిటికీలు తెరిచి పెట్టండి, దగ్గర్లో దీపం, పొయ్యి, సిగరెట్టు ఉండకూడదు. అది సులభంగా అంటుకుంటుంది. తెర మీద మాత్రం ఆల్కహాలు పోయకండి. బోర్డు మీద రేకు డబ్బాల్లా కనిపించేవాటి కింద, పెద్ద చిప్పుల కింద బ్రష్ చేరదు. అక్కడికి తడి వెళ్లిందని అనుమానం ఉంటే మీ పని అక్కడితో ఆపేయాలి. ఆ చోట్లకు ధ్వని తరంగాలతో కడిగే అల్ట్రాసోనిక్ క్లీనర్ కావాలి.

మళ్లీ బిగించే ముందు ఒక రాత్రంతా ఆరనివ్వండి.

నాది మ్యాక్‌బుక్. తేడా ఏమైనా ఉందా?

ఉంది. ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లు మూత తెరిచినా, చార్జర్ పెట్టినా, ఆఖరికి ఏదో ఒక కీ నొక్కినా ఆన్ అయిపోతాయి. కాబట్టి ఆపిన తర్వాత మూత వేసి మళ్లీ తెరవకండి, తుడిచే నెపంతో కీలు నొక్కకండి. గుడారంలా నిలబెట్టి వదిలేయండి.

లోపల తడి తగిలితే ఎర్రబడే చిన్న సూచికలు ఉంటాయి. సర్వీసు సెంటరులో మొదట వాటినే చూస్తారు, కాబట్టి "నీళ్లేమీ పడలేదు" అనే కథ అక్కడ చెల్లదు.

నా మోడల్ కీబోర్డు నీళ్లను తట్టుకుంటుందని రాసి ఉంది. అయినా భయపడాలా?

కొన్ని వ్యాపార తరగతి మోడళ్లలో, ఉదాహరణకు లెనోవో థింక్‌ప్యాడ్‌లలో, కీబోర్డు కింద తొట్టిలాంటి ఏర్పాటు, అడుగున నీళ్లు జారిపోయే రంధ్రాలు ఉంటాయి. మంచి ఏర్పాటే, దానివల్ల బతికిన బోర్డులు చూశాను. కానీ అది కొద్దిపాటి ద్రవానికి, పైనుంచి పడినప్పుడు మాత్రమే. పక్కనున్న పోర్టులోంచి, ఫ్యాను జాలీలోంచి వెళ్లినదాన్ని ఏ తొట్టీ ఆపదు. కరెంటు ఆపాక, ఇలాంటి మోడల్‌ను తిరగేసే ముందు ఉన్నదున్నట్టుగా పైకెత్తి, రంధ్రాల్లోంచి నీరు కారనిచ్చి, తర్వాత మిగతా పని చేయండి.

ల్యాప్‌టాప్ పోయినా ఫర్వాలేదు. అందులోని ఫోటోలు, ఫైళ్లు వస్తాయా?

చాలాసార్లు వస్తాయి. దీన్ని అందరూ చివర్లో అడుగుతారు, నిజానికి మొదట అడగాలి.

విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లన్నీ ఉండే డ్రైవ్) విడిగా, ఒక మరతో బిగించి ఉంటుంది. చూయింగ్ గమ్ పలకంత ఉంటుంది. దాన్ని తీసి, తడి తగిలి ఉంటే శుభ్రం చేసి, యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ అనే చిన్న డబ్బాలో పెట్టి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు కనిపించాలి. ల్యాప్‌టాప్‌ను షాపులో వదిలే ముందే ఎస్‌ఎస్‌డీని తీసి మీ దగ్గర ఉంచుకోవడం మంచిది. ఫైళ్ల భద్రతకూ మంచిదే, మనశ్శాంతికీ మంచిదే.

ఇక్కడ ఒక చిక్కు. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డ్రైవ్ ఎన్‌క్రిప్షన్, అంటే ఫైళ్లకు వేసే డిజిటల్ తాళం, మీకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. విండోస్‌లో దాని పేరు బిట్‌లాకర్. వేరే కంప్యూటర్‌కు తగిలించగానే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. అలాంటిదొకటి ఉందని తెలియనివారు ఆ తెర చూసి ఇది వైరస్ అనుకుంటారు. చాలా సందర్భాల్లో ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది. ఫోనులో అదే ఖాతాతో లాగిన్ అయి చూడవచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఆఫీసువారి దగ్గర ఉంటుంది.

2018లోనూ ఆ తర్వాతా విడుదలైన మ్యాక్‌బుక్‌లలో స్టోరేజి బోర్డుకే అతికి ఉంటుంది, దానిలోని సమాచారం అదే బోర్డు మీది చిప్‌తో ముడిపడి ఉంటుంది. అంటే బోర్డుకు ప్రాణం పోస్తేనే ఫైళ్లు. అలాంటప్పుడు బోర్డు మార్చేస్తామనే చోటికి కాకుండా బోర్డునే బాగుచేసే చోటికి వెళ్లాలి. బోర్డు మారిస్తే ల్యాప్‌టాప్ వస్తుంది, పెళ్లి ఫోటోలు రావు.

వారంటీ వర్తిస్తుందా?

మామూలు వారంటీ వర్తించదు. తయారీ లోపాలకే వారంటీ, మీ కాఫీకి కాదు. డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీలు ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి విడిగా రక్షణ పథకం అమ్ముతాయి, ఆపిల్‌కు యాపిల్‌కేర్ ప్లస్ ఉంది. మీరు కొన్నప్పుడు అది తీసుకున్నారేమో బిల్లు తిరగేసి చూడండి. డబ్బు కట్టి, ఆ సంగతే మరచిపోయిన వారు నా దగ్గరికి వచ్చారు, నేనే వెనక్కి పంపాను. పథకం ఉంటే అడుగు పలక విప్పకండి, బయట విప్పించకండి. నేరుగా వారికే ఇవ్వండి.

బయట రిపేరు చేయించాలంటే ఎలాంటి చోటికి వెళ్లాలి, ఏం అడగాలి?

"చిప్ లెవల్ సర్వీస్", అంటే బోర్డు మీది చిప్పులనే బాగుచేస్తామని, షాపు పేరు పలక మీద కనిపించే చోటికి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, ఇలాంటి షాపులకు పాత అడ్డా. అమీర్‌పేటలోనూ ఉన్నాయి. ఏ ఊళ్లోనైనా పేరు పలక మీద రాసింది నమ్మేముందు లోపల మైక్రోస్కోప్ ఉందా అని ఒక చూపు చూడండి. లేకపోతే అక్కడ చిప్పు స్థాయి పని జరగదు, మీ ల్యాప్‌టాప్ మరో షాపుకు ప్రయాణం కడుతుంది.

మీ ముందే తెరవమని అడగండి, తడి ఎక్కడిదాకా వెళ్లిందో చూపించమనండి. ఫోటో తీసుకోండి. చూసినందుకు రుసుము ఎంత, బాగుకాకపోతే ఎంత, బాగైతే ఎన్నాళ్ల హామీ అన్నవి ముందే మాట్లాడుకోండి. మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వమనండి. శుభ్రం చేయకుండానే వేడిగాలి గొట్టంతో చిప్పును కాచి, తెర వెలగగానే "అయిపోయింది" అని ఇచ్చేవారు ఉన్నారు. అది నెల తిరగకుండా మళ్లీ వస్తుంది. నా వృత్తివాళ్ల గురించి నేనే ఇలా రాయడం బాగుండదు గానీ, చెప్పకపోవడం ఇంకా బాగుండదు.

"బోర్డు పోయింది, మార్చాల్సిందే" అని తెరవకుండానే చెబితే లేచి వచ్చేయండి.

కీబోర్డు ఒక్కటే పోయింది. అదొక్కటే మార్చవచ్చా?

మార్చవచ్చు. కొన్ని మోడళ్లలో కీబోర్డును పై పలకకు ప్లాస్టిక్ మేకులతో కరిగించి అతికిస్తారు, అప్పుడు పలకతో సహా మార్చాలి, ఖర్చు పెరుగుతుంది. బోర్డు బాగానే ఉందని తేలితే కొన్నాళ్లు బయట యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకుని లాగించవచ్చు. అయితే పాడైన కీబోర్డు దానంతటదే అక్షరాలు కొడుతుంటే, ముందు లోపలి తీగను ఊడదీయించండి.

తెర మీద మబ్బుల్లా మచ్చలు కనిపిస్తున్నాయి.

తడి తెర పొరల మధ్యకు పాకింది. శుభ్రమైన నీళ్లయితే ఆరాక కొంత తగ్గవచ్చు. టీ అయితే అంచుల మరక మిగిలిపోతుంది. అలవాటు పడండి, లేదా తెర మార్పించండి.

బ్యాటరీ ఉబ్బింది, లేదా వాసన, పొగ వస్తోంది.

పైన చెప్పినవన్నీ పక్కన పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి, చార్జ్ పెట్టకండి. మంటకు దూరంగా, గచ్చు నేల మీద, పరుపులూ కాగితాలూ లేని చోట ఉంచి నిపుణులకు చూపించండి. పొగ మొదలైతే ల్యాప్‌టాప్‌ను కాపాడే ప్రయత్నం వద్దు. ఇంట్లోవాళ్లను బయటికి తీసుకెళ్లి 101కి గానీ 112కి గానీ ఫోను చేయండి.

చార్జర్ మీద పడింది, ల్యాప్‌టాప్ మీద కాదు.

గోడ స్విచ్ ఆపి తీసేయండి. అందులోకి ఇంటి కరెంటు, 230 వోల్టులు, నేరుగా వస్తుంది. లోపలికి నీరు వెళ్లిందని అనుమానం ఉంటే కొత్తది కొనండి. చార్జర్‌ను ఆరబెట్టి ఆశపడటం అనవసరం.

ఆఫీసు ల్యాప్‌టాప్. చెప్పకుండా బాగుచేయించవచ్చా?

వద్దు. కరెంటు ఆపండి, తిరగేసి పెట్టండి, ఆఫీసులో ఐటీ విభాగానికి ఫోను చేయండి. వారికి ఇది నెలలో ఎన్నోసారో. బయట విప్పించారని తెలిస్తేనే గొడవ.

ఇక బాగుకాదన్నారు. ఏం చేయాలి?

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, తెర బాగుంటే వాటికి విలువ ఉంటుంది, విడిగా అడగండి. మిగిలినదాన్ని చెత్తబండిలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అలాంటి పరికరాల రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది. వారి సైటులో సేకరణ కేంద్రాల వివరాలు ఉంటాయి. బ్యాటరీని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పాత సామాన్లవాడికి వేయకండి.

టీ తాగకుండా పనిచేయలేను. మరి ఎలా?

నేనూ అంతే. కీబోర్డు మీద పరిచే సిలికాన్ తొడుగు దొరుకుతుంది, చిందులను ఆపుతుంది గానీ కీల మధ్యనుంచి గాలి పీల్చే మోడళ్లకు వేడి పెంచుతుంది. నేను వాడను. ల్యాప్‌టాప్‌ను నాలుగంగుళాల స్టాండు మీద పెట్టి, బయట కీబోర్డు వాడతాను. గ్లాసు బల్ల మీద ఉండదు. పక్కన ఒక పొట్టి స్టూలు ఉంది, దాని మీద ఉంటుంది. అది ఒలికితే తడిసేది నా చెప్పులే.